తిన్నని దారిలోనూ డ్రైవరు స్టీరింగు ఎందుకు ఆడిస్తుంటాడు?

"రోడ్డు తిన్నగానే ఉంది కదా, మరి డ్రైవరు మావ స్టీరింగుని ఊరికే అటూ ఇటూ ఎందుకు తిప్పుతున్నాడు?"

డుంబ్రిగూడ నుంచో హుకుంపేట నుంచో సంతకి బయల్దేరిన సర్వీసు జీపులో ముందు సీటు దొరికిన పిల్లవాడికి ఈ ప్రశ్న రాక మానదు. వెనక కూర్చున్న పెద్దవాళ్లకి డ్రైవరు చేతులు కనపడవు, కనపడినా అలవాటైపోయి పట్టించుకోరు. పిల్లవాడి కళ్లు మాత్రం సరైన చోటే పడ్డాయి. విశాఖ నుంచి వచ్చే కొత్త కార్లలో, దారి తిన్నగా ఉన్నంతసేపూ డ్రైవరు చేతులు కుదురుగా ఉంటాయి. పాత జీపులో బెత్తెడు ఇటు, బెత్తెడు అటు ఆడుతూనే ఉంటాయి. అంత ఆడించినా జీపు వంకర పోదు, తన దారిన తాను వెళ్తూనే ఉంటుంది. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూస్తే జవాబు సగం దొరికినట్టే. చెయ్యి కదిలింది, చక్రం కదల్లేదు. అంటే చేతికీ చక్రానికీ మధ్య ఎక్కడో ఆ కదలిక పోతోంది.

ఎక్కడ పోతోంది, ఎందుకు పోతోంది, పోయినదాన్ని మళ్లీ ఎలా రప్పించుకోవాలి అన్నది నెమ్మదిగా చూద్దాం. ఘాట్ రోడ్డు ఎక్కి దిగడమే బతుకైన చోట ఇది మెకానిక్కుకి ఒక్కడికే తెలిస్తే చాలదు. బండి ఎక్కేవాళ్లకీ తెలియాలి.

ముందు బండి సంగతి. మన్యంలో తిరిగే పాత జీపులన్నీ ఒకే వంశానివి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం తయారైన విల్లీస్ జీపుని 1940ల చివర్లో మహీంద్రా కంపెనీ బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. ఆ తర్వాత సీజే-3బీ వచ్చింది, 1980ల్లో ఎంఎం 540 వచ్చింది, తర్వాత పొడుగాటి కమాండర్ వచ్చింది. ఇంజన్లు మారాయి, బాడీలు పెరిగాయి. ముందు వైపు అడ్డంగా ఒకే గట్టి ఇరుసు, దానికి కమాన్ పట్టీలు, చక్రాలను తిప్పడానికి ఇనుప రాడ్లు అన్న ఏర్పాటు మాత్రం పెద్దగా మారలేదు. బొర్రా గుహల దగ్గర నుంచి కటికి జలపాతం వైపు రాళ్లదారిలో టూరిస్టులను తీసుకెళ్లే జీపులూ, ముంచింగిపుట్టు, జి.మాడుగుల వైపు తారు అయిపోయాక కూడా ముందుకు సాగే జీపులూ చాలావరకు ఈ వంశం బళ్లే. కమాండర్లలో వెనక చక్రాలకి మాత్రమే ఇంజను బలం అందేవి కూడా చాలా ఉన్నాయి. వాటి ముందు ఇరుసు తయారీ వేరు గానీ, రాడ్ల సంగతి ఇంచుమించు ఇదే.

ఇప్పుడు డ్రైవరు చేతి దగ్గర నుంచి కిందికి దిగుదాం. స్టీరింగు చక్రం కింద ఒక కడ్డీ ఉంటుంది. అది స్టీరింగ్ బాక్సులోకి వెళ్తుంది. బాక్సులో ఉన్న పళ్లచక్రాల పని తిప్పుడుని తగ్గించి బలాన్ని పెంచడం. చేతి దగ్గర 20 డిగ్రీలు తిప్పితే రోడ్డు మీది చక్రం దగ్గర 1 డిగ్రీ తిరుగుతుందని అనుకుందాం. బండిని బట్టి ఈ లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది. ఇలా తగ్గించకపోతే, పవర్ స్టీరింగ్ లేని బండిలో, జనంతో నిండిన జీపు చక్రాలని మనిషి చెయ్యి తిప్పలేదు. ఈ ఇరవైకి ఒకటి అన్న లెక్క గుర్తుంచుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

బాక్సు నుంచి బయటికి ఒక పొట్టి ఇనుప ముక్క వేలాడుతుంది. దాన్ని డ్రాప్ ఆర్మ్ అంటారు. స్టీరింగు తిప్పితే అది ఊగుతుంది. దాని కొసకి తగిలించిన రాడ్డు పేరు డ్రాగ్ లింకు. డ్రాప్ ఆర్మ్ ఊపుని మోసుకెళ్లి ముందు ఇరుసు దగ్గర అందించడం దీని పని. అక్కడ ఒక చక్రం నుంచి రెండో చక్రం దాకా అడ్డంగా ఇంకో పొడవైన రాడ్డు ఉంటుంది. అది టై రాడ్. ఒక చక్రం తిరిగితే రెండోది కూడా అదే వైపు తిరిగేది దీనివల్లే. బాగా పాత విల్లీస్ తరహా జీపుల్లో మధ్యలో బెల్ క్రాంక్ అనే మరో ముక్క ఉండి, టై రాడ్ రెండు ముక్కలుగా ఉంటుంది. ఇక చక్రాన్ని మోస్తూ, దాన్ని కుడికీ ఎడమకీ తిరగనిచ్చే భాగం నకిల్. అది పైనా కిందా కింగ్ పిన్నుల మీద నిలబడి తిరుగుతుంది.

ఈ రాడ్లని ఒకదానికొకటి మామూలు బోల్టుతో గట్టిగా బిగించేస్తే ఖాళీయే ఉండదు కదా అనిపించవచ్చు. అలా చెయ్యడానికి వీల్లేదు. స్టీరింగ్ బాక్సు ఛాసిస్‌కి బిగించి ఉంటుంది. చక్రాలు కమాన్ పట్టీల మీద గుంటకీ గట్టుకీ పైకీ కిందికీ లేస్తుంటాయి. ఒక కొస కదలకుండా, రెండో కొస అన్ని వైపులా కదులుతున్నప్పుడు గట్టిగా బిగించిన రాడ్డు వంగనైనా వంగాలి, విరగనైనా విరగాలి. అందుకే రాడ్డు కొసల్లో బాల్ జాయింట్లు పెట్టారు. మన భుజం కీలు ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది. లోపల గుండ్రని ఇనుప తల, దాన్ని చుట్టూ పట్టుకున్న గిన్నె, రెంటి మధ్య గ్రీజు, పైన మట్టీ నీరూ వెళ్లకుండా రబ్బరు తొడుగు. ఎటు కావాలంటే అటు తిరుగుతుంది, కానీ ఊడదు. డ్రాగ్ లింకుకి రెండు కొసలు, టై రాడ్‌కి రెండు కొసలు, మొత్తం నాలుగు కీళ్లు.

పోయిన కదలిక దాక్కున్నది ఈ కీళ్లలోనే. గిన్నె అరిగి, తల చుట్టూ ఖాళీ వస్తే, రాడ్డు ఆ ఖాళీ అంతా జరిగాకే తలని తాకుతుంది. అప్పటిదాకా చక్రానికి కబురే అందదు. ఈ ఖాళీనే డ్రైవర్లు ప్లే అంటారు.

"ఇంతలేసి ఖాళీ ఉంటే పైకి కనపడదా?" అని అడగొచ్చు. కనపడదు, ఎందుకంటే కీలు దగ్గర అది చాలా చిన్నది. లెక్క చూడండి. నకిల్ మీద రాడ్డు తగిలించే చెయ్యి పొడవు 15 సెంటీమీటర్లు అనుకుంటే, దాని కొసలో 1 మిల్లీమీటరు ఖాళీ అంటే చక్రం తిరుగుడులో సుమారు 0.4 డిగ్రీ. ఇందాకటి ఇరవై రెట్ల లెక్క వేస్తే స్టీరింగు దగ్గర అది దాదాపు 8 డిగ్రీలు. పాత జీపు స్టీరింగు అడ్డకొలత సుమారు 43 సెంటీమీటర్లు. దాని అంచు మీద 8 డిగ్రీలంటే దాదాపు 3 సెంటీమీటర్లు. కీలు దగ్గర గోరు మందం అరుగుదల, చేతి దగ్గర రెండు వేళ్ల వెడల్పు ఖాళీ అయింది. దూరపు చక్రం దాకా పోవాలంటే కదలిక నాలుగు కీళ్లూ దాటాలి. ఒక్కోదాంట్లో అర మిల్లీమీటరు ఉన్నా మొత్తం 2 మిల్లీమీటర్లు, చేతి దగ్గర ఆరు సెంటీమీటర్లు. దీనికి బాక్సులో అరుగుదల తోడైతే పిల్లవాడు చూసిన బెత్తెడు లెక్క సరిపోతుంది.

బాక్సులో తిప్పుడుని తగ్గించి బలం పెంచే ఏర్పాటు ఉందే, అదే అరుగుదలని కూడా ఇరవై రెట్లు చేసి చేతికి చూపిస్తోంది. ఇందులో ఒక మేలు కూడా ఉంది. కంటికి కనపడనంత అరుగుదలని చెయ్యి ముందే పసిగట్టగలదు, పట్టించుకుంటే.

మరి డ్రైవరు ఆడించడం ఎందుకు? ఖాళీ ఉన్న బండిలో చక్రాన్ని ఎటు నెట్టాలన్నది కొంతసేపు రోడ్డు చేతిలో ఉంటుంది. ఎడమ వైపు రాయి తగిలితే చక్రం ఆ ఖాళీ మేర ఒక పక్కకి పోతుంది, రోడ్డు అంచు వాలుగా ఉంటే ఇంకో పక్కకి పోతుంది. డ్రైవరు ప్రతిసారీ ఆ ఖాళీని తిప్పేసి, రాడ్డు గట్టిగా తగిలే చోటు వెతుక్కుని, అక్కడ కాస్త అదిమి పట్టుకోవాలి. రోడ్డు మళ్లీ లాగేస్తుంది, మళ్లీ వెతుక్కోవాలి. ఆ అటూ ఇటూ అంతా ఈ వెతుకులాటే. ఏళ్ల తరబడి ఒకే బండి నడిపినవాడి చేతులకి ఇది తెలియకుండానే అలవడుతుంది. ఆ నేర్పుని తక్కువ చెయ్యలేం. కానీ ఆ నేర్పే లోపాన్ని కప్పేస్తోంది. అదే బండిని ఇంకొకరు నడిపిన రోజున లోపం బయటపడుతుంది, అదీ డముకు దగ్గరో గాలికొండ దగ్గరో మలుపులో. గంటకి 30 కిలోమీటర్ల వేగం ఏమంత పెద్ద వేగం కాదు. అయినా ఆ వేగంలో జీపు సెకనుకి 8 మీటర్లకి పైగా పోతుంది. ఖాళీ తిప్పుకోవడానికి అర సెకను పట్టినా జీపు 4 మీటర్లు ముందుకెళ్లిపోయింది. ఘాట్‌లో ఎదురుగా లారీ దిగుతున్నప్పుడు ఆ 4 మీటర్లు చాలా ఎక్కువ.

అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. గిన్నె నోరు అరిగి అరిగి తల పట్టనంత పెద్దదైతే, ఒక పెద్ద కుదుపుకి తల బయటికి ఊడిపోతుంది. అప్పుడు స్టీరింగు చేతిలోనే ఉంటుంది, చక్రం మాత్రం దాని ఇష్టం. బ్రేకు తగ్గితే గేరుతో బండిని ఆపే ప్రయత్నమైనా చెయ్యొచ్చు. కీలు ఊడితే బండి ఎటు తిరగాలన్నది డ్రైవరు చేతిలో ఉండదు.

కీళ్లు అందరి బళ్లలోనూ అరుగుతాయి. మన్యంలో ఇంత తొందరగా ఎందుకు అరుగుతాయి? శృంగవరపుకోట దాటాక మొదలయ్యే ఎక్కుడు అరకు చేరేసరికి దాదాపు 900 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్తుంది. ఆ దారంతా మలుపులే కాబట్టి కీళ్లకి విరామం లేదు. మైదానంలో గంటకొకసారి పూర్తిగా తిరిగే కీలు ఇక్కడ నిమిషానికొకసారి తిరుగుతుంది. అది ఒక కారణం. దానికన్నా పెద్ద కారణం గెడ్డలు. జూన్‌లో వానలు పడ్డ దగ్గర నుంచి అక్టోబరు దాకా గూడేల దారుల్లో జీపు గెడ్డల్లో దిగి లేస్తూనే ఉంటుంది. రబ్బరు తొడుగు ఒక్కచోట చిరిగితే చాలు, నీళ్లు గ్రీజుని కడిగేస్తాయి, ఎర్రమట్టీ సన్నని ఇసుకా లోపలికి చేరతాయి. మిగిలిన గ్రీజుతో ఆ ఇసుక కలిసి గిన్నెని లోపల నుంచి సానబడుతుంది. ఇక బరువు. కాఫీ పళ్ల కాలంలో బస్తాలు, సంత రోజున జనం, రోడ్డు లేని గూడెం నుంచి డోలీలో మోసుకొచ్చిన రోగి ఎక్కేది కూడా చాలాసార్లు ఇదే జీపు. ఆ రోగి పక్కన కూర్చున్న మనిషికి ఈ కీలు సంగతి తెలిసే అవకాశం లేదు. అందుకే బండి ఉన్నవాడు తెలుసుకోవాలి.

ఏ కీలు పోయిందో కనుక్కోవడానికి యంత్రాలేమీ అక్కర్లేదు, ఇద్దరు మనుషులు చాలు. ఇంజను ఆపి, జీపుని చదును నేల మీద నిలబెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాల కింద రాళ్లు పెట్టండి. బండిని జాకీ మీద లేపొద్దు. చక్రాలు బరువుతో నేలని పట్టుకుని ఉంటేనే ఖాళీ తెలుస్తుంది. ఒకరు పైన కూర్చుని స్టీరింగుని ఖాళీ మేరకి మాత్రం చిన్నగా కుడికీ ఎడమకీ ఆడించాలి. రెండోవారు కింద దూరి, డ్రాప్ ఆర్మ్ దగ్గర నుంచి వరసగా ఒక్కొక్క కీలు మీద రెండు వేళ్లు ఆనించాలి. ఒక వేలు రాడ్డు మీద, ఒక వేలు దాని అవతలి ముక్క మీద. మంచి కీలు దగ్గర రెండు వేళ్లూ ఒకేసారి కదులుతాయి. అరిగినదాని దగ్గర ముందు ఒక వేలు కదిలి, చిన్న టక్కుమన్న దెబ్బ తగిలాక రెండోది కదులుతుంది. కంటికి కనపడని అర మిల్లీమీటరు కూడా వేలికి తెలిసిపోతుంది. బాక్సుని ఛాసిస్‌కి పట్టిన బోల్టుల మీద కూడా ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. బాక్సే కదులుతుంటే రాడ్లు ఎన్ని మార్చినా లాభం లేదు.

ఆ తర్వాతే జాకీ. ముందు చక్రాన్ని లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి చూడాలి. ఊగితే అది కింగ్ పిన్ అయినా కావాలి, చక్రం బేరింగు అయినా కావాలి. తేడా ఎలా తెలుస్తుంది? ఒకరిని బ్రేకు తొక్కి పట్టమనండి. బ్రేకు పడితే చక్రమూ నకిలూ ఒకటైపోతాయి. అప్పుడు ఊపు ఆగిపోతే తప్పు చక్రం బేరింగుది. ఇంకా ఊగుతుంటే కింగ్ పిన్‌ది.

ఇక మార్చడం. బాల్ జాయింట్ తల కింద ఉన్న కాడ కొంచెం శంఖాకారంగా, కింద సన్నగా పైన లావుగా ఉంటుంది. దాన్ని పట్టుకునే రంధ్రం కూడా అదే వాలుతో ఉంటుంది. నట్టు బిగిస్తే కాడ ఆ రంధ్రంలోకి గట్టిగా దిగబడి, రాపిడితోనే పట్టుకుపోతుంది. అందుకే నట్టు వదలకుండా దూర్చిన కాటర్ పిన్ను లాగేసి, నట్టు విప్పేసినా కీలు కదలదు. చాలామంది ఇక్కడ కాడ కొస మీద సుత్తితో బాదుతారు. మర చెడిపోతుంది, కీలు మాత్రం రాదు. కొట్టాల్సింది కాడని కాదు, దాన్ని పట్టుకున్న రంధ్రం చుట్టూ ఉన్న ఇనుముని. ఒక పక్క బరువైన సుత్తి ఆనించి, ఎదురు పక్క నుంచి ఇంకో సుత్తితో ఒక్క గట్టి దెబ్బ వేస్తే రంధ్రం ఒక్క క్షణం సాగి, కాడని వదిలేస్తుంది. నట్టుని పూర్తిగా తియ్యకుండా రెండు మూడు మరలు ఉంచితే రాడ్డు ఊడి ముఖం మీద పడదు. పుల్లర్ ఉంటే ఇంకా మంచిది. గ్యాస్ మంటతో కాల్చడం మాత్రం వద్దు. స్టీరింగు చేతులు గట్టిపరిచిన ఇనుముతో చేసినవి, కాలిస్తే ఆ గట్టిదనం పోతుంది. రాయి తగిలి వంగిన రాడ్డుని కాల్చి తిన్నగా చెయ్యడం, విరిగినదాన్ని వెల్డింగు పెట్టడం మన్యంలో ఇప్పటికీ జరుగుతున్నాయి. రోడ్డు మూసుకుపోయిన వానాకాలంలో సామాను దొరక్క చేస్తారు, అవసరం అలాంటిది. అయినా స్టీరింగు రాడ్డుకి వెల్డింగు పనికిరాదు. గాజువాక ఆటోనగర్ దాకా వెళ్లి వచ్చేందుకు ఒక రోజు పోయినా కొత్తదే వెయ్యాలి. ఒక కీలు అరిగిందంటే మిగతావీ అదే వయసువి, అదే గెడ్డల్లో మునిగినవి. ఒక్కటే మార్చడం నాకు పొదుపు అనిపించదు.

కొనేటప్పుడు గ్రీజు నిప్పల్ ఉన్నదాన్ని అడగండి. నిప్పల్ లేకుండా మూసేసినవి తారు రోడ్డుకి బాగానే ఉంటాయి. గెడ్డ దాటే బండికి మాత్రం, లోపలికి వెళ్లిన నీటిని కొత్త గ్రీజుతో బయటికి నెట్టే దారి ఉండాలి.

పాతది మర తిప్పి తీసేటప్పుడు రెండు కొలతలు రాసుకోండి. ఒకటి, తియ్యకముందు రెండు కాడల మధ్య ఉన్న దూరం, రెండోది ఎన్ని చుట్లు తిప్పితే బయటికి వచ్చిందన్న లెక్క. కొత్తదాన్ని అన్నే చుట్లు ఎక్కిస్తే పొడవు ఇంచుమించు పాత చోటికే వస్తుంది. నట్టు బిగించేటప్పుడు కాటర్ పిన్ను రంధ్రం నట్టు గాడికి ఎదురుగా రాకపోతే ఇంకాస్త ముందుకి బిగించాలి గానీ, రంధ్రం కలవడం కోసం వెనక్కి వదలకూడదు. వదిలితే కాడ వాలులో గట్టిగా కూర్చోదు. సన్నగా కదులుతూ రంధ్రాన్ని కోడిగుడ్డు ఆకారంలో అరగదీస్తుంది. అప్పుడు కీలుతో పాటు నకిల్ చెయ్యి కూడా మార్చాలి. కాటర్ పిన్ను ప్రతిసారీ కొత్తదే, పాతది వంచి తీసిందే కాబట్టి.

రాడ్డు పొడవు మీద ఇంత పట్టుదల ఎందుకంటే, అది ముందు చక్రాలు ఒకదానికొకటి ఎలా చూస్తున్నాయన్నది నిర్ణయిస్తుంది. పైనుంచి చూస్తే రెండు చక్రాల ముందు అంచులు వెనక అంచుల కన్నా రవ్వంత దగ్గరగా ఉండాలి. దీన్ని టో-ఇన్ అంటారు. సమానంగా ఎందుకు ఉండకూడదు? చక్రం ముందుకి దొర్లుతుంటే రోడ్డు దాన్ని వెనక్కి నెడుతుంది. కింగ్ పిన్ చక్రానికి లోపలి వైపు ఉంది కాబట్టి ఆ తోపుకి చక్రం ముందు అంచు బయటికి విచ్చుకుంటుంది. ఆగి ఉన్నప్పుడు కొంచెం లోపలికి పెడితే, పరుగులో విచ్చుకుని సమానం అవుతుంది. పాత విల్లీస్ జీపుల మాన్యువల్లో ఈ తేడా అంగుళంలో 3/64 నుంచి 3/32 వరకు, అంటే సుమారు 1.2 నుంచి 2.4 మిల్లీమీటర్లు. మీ బండి మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే తీసుకోండి.

కొలవడానికి టేపు, సుద్దముక్క చాలు. రెండు ముందు టైర్లకీ నడిమి గీత మీద, వెనక వైపు, ఇరుసు ఎత్తున ఒక్కో గుర్తు పెట్టి, వాటి మధ్య దూరం కొలవండి. తర్వాత బండిని నెమ్మదిగా ముందుకి తోసి, చక్రం సగం చుట్టు తిరిగి అదే గుర్తు ముందుకి వచ్చాక మళ్లీ కొలవండి. వేరే చోట కొత్త గుర్తు పెట్టకూడదు, రిమ్ము వంకర ఉంటే ఆ వంకర కూడా కొలతలోకి వచ్చేస్తుంది. వెనక్కి తొయ్యకూడదు కూడా, కీళ్లు రెండో వైపు సర్దుకుని అంకె మారిపోతుంది.

సరిచెయ్యడం టై రాడ్ గొట్టాన్ని తిప్పడంతోనే. దానికి ఒక కొసలో కుడి మర, రెండో కొసలో ఎడమ మర ఉంటాయి. అందుకే గొట్టాన్ని తిప్పితే రెండు కొసలూ ఒకేసారి బయటికి గానీ లోపలికి గానీ జరుగుతాయి, కొసల్లోని క్లాంపులు వదులు చేస్తే చాలు, కీళ్లు విప్పక్కర్లేదు. రాడ్డు ఇరుసుకి వెనక ఉంటే పొడుగు చేసినకొద్దీ టైర్ల ముందు అంచులు దగ్గరవుతాయి. ముందు వైపు ఉంటే దూరమవుతాయి. చాలామంది ఇక్కడ తొందరపడతారు. నకిల్ చెయ్యి పొడవు 15 సెంటీమీటర్లు, టైరు ఎత్తు సుమారు 70 సెంటీమీటర్లు కాబట్టి, రాడ్డు ఒక్క మిల్లీమీటరు మారితే టైర్ల దగ్గర కొలత నాలుగైదు మిల్లీమీటర్లు మారుతుంది. కాబట్టి పావు చుట్టు తిప్పడం, బండిని కాస్త నడిపించడం, మళ్లీ కొలవడం. కుదిరాక క్లాంపులు బిగించి, స్టీరింగుని ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి, క్లాంపు బోల్టు దేనికీ తగలడం లేదని చూసుకోవాలి.

టై రాడ్ తర్వాత డ్రాగ్ లింకు. నా దృష్టిలో ఎక్కువ జీపులు చెడేది ఇక్కడే. స్టీరింగ్ బాక్సులోని పళ్లు సరిగ్గా మధ్యలో అన్నిటికన్నా బిగువుగా, రెండు చివర్లకి పోయేకొద్దీ కొంచెం వదులుగా ఉండేలా తయారు చేస్తారు. ఎందుకంటే బండి ఎక్కువసేపు తిన్నగా పోతుంది, బిగువు కావాల్సింది అక్కడే. చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు బాక్సు కూడా తన నడిమధ్యలో ఉండాలి. ఈ రెంటినీ కలిపేది డ్రాగ్ లింకు పొడవు. అది తప్పితే బండి తిన్నగా పోతున్నా స్టీరింగు వంకరగా కనపడుతుంది. అప్పుడు కొందరు స్టీరింగు చక్రాన్ని ఊడదీసి తిన్నగా పెట్టి బిగించేస్తారు. కంటికి బాగుంటుంది. లోపల బాక్సు మాత్రం పక్కకే ఉండిపోయింది. తిన్నని దారిలో వదులు పళ్ల మీద నడుస్తూ, మలుపులో బిగువు పళ్ల మీదికి వస్తుంది. కావాల్సింది దీనికి సరిగ్గా తలకిందులు. సరైన పద్ధతి వేరు. ముందు డ్రాగ్ లింకు ఒక కొస విప్పి, స్టీరింగుని ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పి చుట్లు లెక్కపెట్టి, సగం దగ్గర ఆపాలి. చక్రాలని తిన్నగా పెట్టాలి. డ్రాగ్ లింకుని ఆ రెంటి మధ్య సరిపోయే పొడవుకి సర్దాలి.

బాక్సు మీద ఉండే సర్దుబాటు మరని చిట్టచివరికి వదిలెయ్యండి. ప్లే ఉందనగానే మొదట ఆ మరనే బిగించడం ఒక అలవాటు, ఎందుకంటే అది సులువు, పైసా ఖర్చు లేదు. కానీ కీళ్లలోని ఖాళీని బాక్సు మీద బిగిస్తే, కీళ్లు అలాగే ఉంటాయి, బాక్సు పళ్లు నలుగుతాయి. మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను వెనక్కి రాదు, డ్రైవరే లాక్కోవాలి. ఘాట్‌లో అది ఎంత శ్రమో చెప్పనక్కర్లేదు.

"గుంటలో పడగానే స్టీరింగు గడగడా వణుకుతుంది, బండి దాదాపు ఆపేదాకా ఆగదు, ఎందుకు?" అని కూడా అడుగుతుంటారు. ఫోర్ వీల్ డ్రైవ్ జీపులో ముందు చక్రానికి కూడా ఇంజను బలం అందాలి కాబట్టి, నకిల్ మధ్యలోంచి తిరిగే ఇరుసు వెళ్తుంది. అందుకని పైనుంచి కిందికి ఒకే పొడవాటి కింగ్ పిన్ పెట్టడానికి చోటు లేదు. పైన ఒకటి, కింద ఒకటి పొట్టి పిన్నులు, వాటికి బేరింగులు పెట్టారు. ఆ బేరింగులు కొంచెం బిగువుగా ఉండాలి. పిన్ను మూత కింద ఉండే పల్చని రేకులు, షిమ్ములు, ఆ బిగువుని నిర్ణయిస్తాయి. గెడ్డ నీళ్లు సీలు దాటి లోపలికి వెళ్తే బేరింగులు తుప్పుపట్టి బిగువు పోతుంది. అప్పుడు గుంట తగలగానే చక్రం ఒక పక్కకి విసిరినట్టు పోయి, తిన్నగా వచ్చే తొందరలో రెండో పక్కకి దాటిపోయి, మళ్లీ ఇటు వస్తుంది. ఈ ఊపుని పట్టి ఆపే బిగువు లేదు కాబట్టి అది సాగుతూనే ఉంటుంది. కొందరు స్టీరింగు డ్యాంపర్ తగిలించి వణుకు తగ్గిస్తారు. వణుకు తగ్గుతుంది, కారణం లోపలే ఉంటుంది. షిమ్ములు సర్ది, బేరింగులు, సీళ్లు మార్చాకే డ్యాంపర్ గురించి ఆలోచించాలి.

ఇంకొక మాట. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసుకుని ఘాట్ ఎక్కకండి. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా ఎక్కువ దూరం తిరుగుతాయి. ఈ జీపుల్లో ముందు ఇరుసునీ వెనక ఇరుసునీ వేరుగా తిరగనిచ్చే ఏర్పాటు లేదు. బురదలో అయితే చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. పొడి తారు మీద జారదు. ఆ బిగపట్టు అంతా గేర్లలోకీ, ఇరుసుల్లోకీ పోతుంది, స్టీరింగు రాయిలా బరువెక్కుతుంది. కొత్తగా వేసిన కీళ్లకి కూడా ఆ భారం అనవసరం.

పని అయి ఒక వారం తిరిగాక నట్లన్నీ మళ్లీ చూడాలి, గ్రీజు పాతది బయటికి వచ్చేదాకా కొట్టాలి. వానాకాలంలో గెడ్డలు దాటుతున్నంత కాలం ఇది తరచుగా జరగాలి. కొత్త కీళ్లు వేసి, టో సరిచేసి, డ్రాగ్ లింకు సర్దినా బండి ఇంకా ఒక పక్కకే లాగుతుంటే రాడ్లని మళ్లీ ముట్టుకోకండి. టైర్ల గాలి చూడండి, ఒక చక్రానికి బ్రేకు పట్టి ఉందేమో డ్రమ్ము వేడి మీద చెయ్యి పెట్టి చూడండి. రెండూ బాగానే ఉంటే కమాన్ పట్టీల మధ్య బోల్టు చూడండి. అది తెగితే ఇరుసు ఒక పక్క వెనక్కి జరిగి, బండి తిన్నగా కూర్చోదు. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి రెండు వైపులా టేపు పెట్టి కొలిస్తే ఆ తేడా తెలిసిపోతుంది.